పరుగులో పాట, మణికట్టున వాచీ: రెండింటినీ కలిపి వాడే తీరు

తెల్లవారుజామున కేబీఆర్ పార్కు చుట్టూ గాని, విశాఖ బీచ్ రోడ్డు మీద గాని పరుగెత్తేవారిలో చెవిలో పాట, చేతికి స్మార్ట్ వాచీ లేనివారిని వెతుక్కోవలసిన రోజులివి. రెండూ పరుగుకు తోడుగా వచ్చినవే అయినా, అవి చేసే పనులు మాత్రం ఒకదానికొకటి ఎదురు. పాట ఒంటి కష్టాన్ని మరపిస్తుంది. వాచీ ఆ కష్టాన్ని లెక్కగట్టి క్షణక్షణమూ గుర్తుచేస్తుంది. మరపించేదాన్నీ గుర్తుచేసేదాన్నీ ఒకేసారి నెత్తికెత్తుకుంటే ఏ ఒక్కదాని ప్రయోజనమూ పూర్తిగా దక్కదని నాకు అర్థమవడానికి రెండేళ్లు పట్టింది. కాబట్టి ఏ పరికరం కొనాలన్న ప్రశ్న కన్నా, ఏ రోజు పరుగులో దేని మాట వినాలన్న ప్రశ్నే పెద్దదని నా అభిప్రాయం. దానికి జవాబు దొరకాలంటే ముందుగా వాచీ చూపే అంకెలు ఎలా పుడతాయో కొంతైనా తెలిసి ఉండాలి.

కొనేముందు

పరుగు మొదలుపెట్టి మూడు నెలలైనా నిండనివారు వాచీ కొనవలసిన అవసరం లేదు. చేతిలో ఉన్న ఫోన్‌లోనే జీపీఎస్ ఉంటుంది. నడుముకు బిగుతుగా పట్టే సాగే బెల్టులో దాన్ని పెట్టుకొని, ఉచితంగా దొరికే ఏదైనా రన్నింగ్ యాప్‌ను నడిపిస్తే దూరమూ సమయమూ తెలుస్తాయి. అయితే చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు, బ్యాటరీ ఆదా చేసే పేరుతో, తెర ఆరిపోయిన కాసేపటికి వెనుక నడుస్తున్న యాప్‌లను ఆపేస్తాయి. ఎనిమిది కిలోమీటర్లు పరుగెత్తి వచ్చి చూసుకుంటే మూడో కిలోమీటరు దగ్గరే లెక్క ఆగిపోయి ఉండటానికి చాలాసార్లు ఇదే కారణం. ఫోన్ సెట్టింగ్స్‌లో బ్యాటరీ విభాగానికి వెళ్లి ఆ ఒక్క యాప్‌కు ఆంక్షలు తొలగిస్తే ఈ బెడద తీరుతుంది.

వాచీయే కొనదలచుకున్నవారు మూడు సంగతులు అడిగి తెలుసుకోవాలి. అందులో సొంత జీపీఎస్ ఉందా, లేక ఫోన్ జీపీఎస్‌ను అరువు తెచ్చుకుంటుందా అన్నది మొదటిది. చవక బ్యాండ్లలో ఎక్కువ రెండో రకమే కనుక వాటిని కొన్నా ఫోన్ మోయడం తప్పదు. మొదలుపెట్టడానికి, ఆపడానికి, ల్యాప్ అంటే పరుగులో ఒక చుట్టునో ఒక కిలోమీటరునో గుర్తించడానికి వేలితో నొక్కే బటన్లు ఉన్నాయా అన్నది రెండోది. చెమటతో తడిసిన వేలికి టచ్ తెర ఎంత మొరాయిస్తుందో ఒక్క మే నెలలో తెలిసివస్తుంది. ఛాతీకి కట్టుకునే పట్టీని బ్లూటూత్ ద్వారా దానికి కలపవచ్చా అన్నది మూడోది. మిగిలిన హంగులకు అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు. రోజుకు పదివేల అడుగుల లక్ష్యం కూడా అలాంటి హంగే: 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన అడుగులు లెక్కించే పరికరానికి ‘మాంపోకెయ్’, అంటే పదివేల అడుగుల మీటరు అని పేరు పెట్టారు. ఆ అంకె లోకమంతటా పాకింది ఆ పేరు నుంచే గాని వైద్యుల చీటీ నుంచి కాదు. పరుగెత్తేవారికి దానితో పెద్దగా పని ఉండదు.

ఆకాశం నుంచి వచ్చే దూరం

జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. కనీసం నాలుగింటి సంకేతాలు అందితేనే వాచీ తానెక్కడుందో లెక్కగట్టగలదు. అపార్ట్‌మెంట్ లిఫ్ట్ దిగుతూనే స్టార్ట్ నొక్కి పరుగు లంకించుకునేవారి వాచీలో మొదటి కిలోమీటరు తప్పుగా రావడంలో వింతేమీ లేదు. తలపైన ఆకాశం విశాలంగా కనిపించే చోట నిలబడి, సంకేతం దొరికిందన్న గుర్తు కనిపించాక కూడా మరో నిమిషం ఆగాలి. చీలమండలు తిప్పుకోవడానికి, పిక్కలు సాగదీసుకోవడానికి ఆ నిమిషం సరిపోతుంది.

గచ్చిబౌలి, మాదాపూర్ వైపు అద్దాల భవనాల మధ్య పరుగెత్తేవారి మ్యాపులో గీత వీధికి అటూ ఇటూ గెంతుతూ, ఒక్కోసారి భవనాల లోపలి నుంచి కూడా పోతుంటుంది. సంకేతం నేరుగా రాకుండా గోడకు తగిలి కొంచెం ఆలస్యంగా అందడం వల్ల ఉపగ్రహం మరింత దూరంలో ఉన్నట్టు వాచీ పొరపడుతుంది. ఫ్లైఓవర్ల కింద, దట్టమైన చెట్ల కింద కూడా సంకేతం పలచబడుతుంది. 1575.42 మెగాహెర్ట్జ్ ఎల్1 సంకేతంతో పాటు 1176.45 మెగాహెర్ట్జ్ ఎల్5 సంకేతాన్ని కూడా అందుకునే వాచీలు ఈ పొరపాటును చాలావరకు తగ్గిస్తాయి. బదులుగా బ్యాటరీని త్వరగా తాగేస్తాయి. జీపీఎస్ లాగే స్థానాన్ని చూపే మన దేశపు ఉపగ్రహ వ్యవస్థ నావిక్ కూడా ఇప్పుడు ఈ దారిలోకే వచ్చింది. 2023 మే 29న శ్రీహరికోట నుంచి ఇస్రో ప్రయోగించిన ఎన్‌వీఎస్-01 ఉపగ్రహం, చిన్న పరికరాల్లోని చిప్‌లు ఎక్కువగా వాడే ఎల్1 సంకేతాన్ని కూడా పంపగల తొలి నావిక్ ఉపగ్రహం.

దీని నుంచి ఆచరణలో గ్రహించవలసినది ఒకటుంది. వాచీ తెర మీద క్షణక్షణం మారే పేస్‌ను, అంటే కిలోమీటరుకు పట్టే సమయాన్ని, నమ్మి వేగం సర్దుకోకూడదు. ఒక చెట్టు నీడ దాటేలోపు అది కిలోమీటరుకు 5:40 నుంచి 6:20కి దూకి మళ్లీ వెనక్కి రావచ్చు. ఆ అంకె వెంట పడితే కాళ్లు అనవసరంగా పరుగును ముక్కలు చేస్తాయి. తెరను మార్చుకొని, ప్రస్తుత కిలోమీటరు సగటు పేస్ అంటే ‘ల్యాప్ పేస్’ కనిపించేలా పెట్టుకోవాలి. నా తెర మీద మూడే అంకెలు ఉంటాయి: గడిచిన సమయం, ల్యాప్ పేస్, గుండె వేగం. అంతకన్నా ఎక్కువ ఉంటే పరుగెత్తుతూ చదవలేం. చదవబోయి గతుకులో కాలు వేస్తాం.

మీ వాచీ ఎంతవరకు నిజం చెబుతుందో చూడాలంటే స్టేడియంలోని 400 మీటర్ల ట్రాక్ మీద అన్నిటికన్నా లోపలి గీత వెంట పది చుట్లు తిరిగి చూడాలి. నాలుగు కిలోమీటర్లు రావలసిన చోట ఎంత వచ్చిందో రాసుకుంటే, రోడ్డు మీద దానిని ఎంత నమ్మవచ్చో ఒక అంచనా ఏర్పడుతుంది. లోపలి గీత అని ఎందుకు అంటున్నానంటే, ఎనిమిదో గీతలో ఒక చుట్టు 453 మీటర్లు. నడిచేవారికి దారి ఇచ్చి బయటి గీతలోకి వెళ్లినవారు వాచీని అనవసరంగా తిట్టుకుంటారు.

గుండె లెక్క

వాచీ అడుగున పచ్చగా మెరిసే దీపాలను చాలామంది చూసే ఉంటారు. రక్తం పచ్చ వెలుగును బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా మణికట్టులోకి రక్తం పోటెత్తి తిరిగి వచ్చే వెలుగు తగ్గుతుంది, మధ్యలో పెరుగుతుంది. ఆ హెచ్చుతగ్గులను లెక్కించి వాచీ గుండె వేగాన్ని చెబుతుంది. పద్ధతి తెలివైనదే గాని, చేయి ఊగుతున్నప్పుడు వాచీ కూడా ఊగితే వెలుగు మరో కారణం చేత కూడా మారుతుంది. అప్పుడు అది గుండె చప్పుడును వదిలేసి అడుగుల చప్పుడును లెక్కించడం మొదలుపెడుతుంది.

ఈ సంగతి నాకు ఒక డిసెంబరు ఉదయం నెక్లెస్ రోడ్డు మీద తెలిసింది. పక్కవారితో కబుర్లు చెప్పుకుంటూ మెల్లగా పరుగెత్తుతున్నాను. వాచీ మాత్రం నిమిషానికి 172 చూపుతోంది. భయపడి ఆగి, మెడ పక్కన రెండు వేళ్లు పెట్టి, పదిహేను సెకన్లలో 34 దెబ్బలు లెక్కపెట్టాను. నాలుగుతో హెచ్చవేస్తే 136. ఇంటికి వచ్చి యాప్‌లో చూసుకుంటే ఆ సమయంలో నా అడుగులు నిమిషానికి సరిగ్గా 172. చలికి చర్మంలో రక్తప్రసారం తగ్గడం, పట్టీ వదులుగా ఉండటం కలిసి చేసిన పని అది. అప్పటి నుంచి వాచీ గుండె వేగాన్నీ అడుగుల లెక్కనూ ఒకేలా చూపితే నేను మొదట అనుమానించేది వాచీనే.

పట్టీని మణికట్టు ఎముకకు ఒక వేలెడు పైన, ముంజేయి కండ మొదలయ్యే చోట, చర్మం కదిలితే వాచీ కూడా కదిలేంత బిగుతుగా కట్టుకోవాలి. పరుగయ్యాక ఒక రంధ్రం వదులు చేయాలి. మణికట్టున ముదురు పచ్చబొట్టు ఉన్నవారు రెండో చేతికి పెట్టుకోవడం మేలు. వేగంగా పరుగెత్తి ఆగి మళ్లీ పరుగెత్తే ఇంటర్వల్ సాధనలో మణికట్టు లెక్క వెనుకబడుతుంది కనుక, ఆ రోజుల్లో గుండె విద్యుత్ సంకేతాన్ని నేరుగా పట్టుకునే ఛాతీ పట్టీయే నమ్మదగినది. దాని లోపలి వైపు ఉండే రెండు మెత్తని పట్టులను కాస్త నీళ్లతో తడిపి కట్టుకోవాలి. ఎండిన పట్టీ మొదటి పది నిమిషాలు పిచ్చి అంకెలు చూపుతుంది.

ఇక గరిష్ఠ గుండె వేగం. 220 నుంచి వయసును తీసివేయమనే సూత్రం అందరికీ తెలిసినదే, చాలా వాచీలు మొదట దాన్నే వాడతాయి. 2001లో ప్రచురితమైన మరో సూత్రం ప్రకారం వయసును 0.7తో హెచ్చవేసి 208 నుంచి తీసివేయాలి. నలభై ఏళ్లవారికి రెండు సూత్రాలూ 180 అనే చెబుతాయి. అరవై ఏళ్లవారికి మాత్రం మొదటిది 160, రెండోది 166 చెబుతుంది. ఏ సూత్రమైనా సగటు మనిషికి చెప్పినదే. ఒక్కొక్కరి అసలు వేగం అంతకన్నా పది పన్నెండు దెబ్బలు ఎక్కువో తక్కువో ఉండటం మామూలే. అందుచేత తేలిక పరుగుకు నేను చెప్పే పద్ధతి ఇది: ఉదయం నిద్ర లేచాక మంచం మీదనే గుండె వేగం చూసుకోవాలి. అది 60, గరిష్ఠం 180 అనుకుంటే, మధ్యనున్న 120లో అరవై శాతం 72, డెబ్బై శాతం 84. వీటిని 60కి కలిపితే 132 నుంచి 144 మధ్య తేలిక పరుగు సాగాలి. ఆ వేగంలో ఆయాసపడకుండా పూర్తి వాక్యం మాట్లాడగలిగితే లెక్క సరిపోయినట్టే. మాట తెగిపోతుంటే అంకె ఏమి చెప్పినా వేగం తగ్గించాలి. అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటి బీటా బ్లాకర్ మాత్రలు వాడేవారికి గుండె వేగమే తక్కువగా ఉంటుంది కనుక ఈ లెక్కలేవీ వర్తించవు. వారు తమ డాక్టరును అడిగి తెలుసుకోవాలి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం వంటివి ఉన్నప్పుడు వాచీ వంక చూడకుండా ఆగిపోవాలి.

ఎండాకాలంలో మరో చిక్కు ఉంది. వేడికి రక్తంలో కొంత భాగం చర్మం వైపు మళ్లుతుంది, చెమటతో నీరు తగ్గుతుంది; అందువల్ల అదే వేగంలో పరుగెత్తుతున్నా గుండె వేగం మెల్లమెల్లగా పైకి పాకుతుంది. విజయవాడ, విశాఖ వంటి చోట్ల గాలిలో తేమ వల్ల చెమట ఆరక ఇది మరీ ఎక్కువ. మార్చి నుంచి జూన్ దాకా పేస్ అంకెను పక్కనపెట్టి, గుండె వేగాన్ని బట్టి పరుగెత్తడమే సబబు. జనవరిలో కిలోమీటరుకు ఆరు నిమిషాలు పట్టినవారికి మే నెలలో ఆరున్నర పట్టిందంటే వారు బలహీనపడినట్టు కాదు.

కెలోరీల అంకెను గురించి ఒక్క మాట చాలు. 2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మణికట్టుకు కట్టే ఏడు పరికరాలను 60 మంది మీద పరీక్షించారు. ఆరు పరికరాలు గుండె వేగాన్ని ఐదు శాతం తేడాలోపే చెప్పాయి. ఖర్చయిన శక్తి విషయంలో మాత్రం అన్నిటిలో మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది, అన్నిటిలో అధ్వానమైనది 93 శాతం తప్పింది. పరుగు తర్వాత వాచీ చూపిన కెలోరీలను చూసి రెండు ప్లేట్ల పూరీ న్యాయమే అనుకునేవారు ఈ అంకెలను గుర్తుంచుకోవాలి.

చెవిలో పాట, రోడ్డు మీద ధ్యాస

మన రోడ్ల మీద పాట వింటూ పరుగెత్తేవారికి మొదటి నియమం, కనీసం ఒక చెవి రోడ్డుకు వదలడం. ఏ చెవి అన్నది కూడా ఆలోచించవలసిందే. వాహనాలు ఎడమవైపు నడిచే మన దేశంలో, ఫుట్‌పాత్ లేని చోట పరుగెత్తేవారు రోడ్డుకు కుడి అంచున, ఎదురుగా వచ్చే వాహనాలు కంటికి కనిపించేలా వెళ్లాలి. అప్పుడు వాహనాలన్నీ మనకు ఎడమ పక్కగా పోతాయి కనుక ఎడమ చెవి ఖాళీగా ఉండాలి, పాట కుడి చెవిలో మోగాలి. అయితే ఎదురుగా వచ్చేవి కనిపిస్తాయి కదా అని ధీమాగా ఉండలేం, ఎందుకంటే రాంగ్ రూట్‌లో వచ్చే బండి మన వెనుక నుంచే వస్తుంది. ఒకసారి ఇలాగే రెండు చెవుల్లో పాట పెట్టుకొని పోతుంటే పాల క్యాన్లు వేలాడదీసిన బండి ఒకటి నా మోచేతిని రాసుకుంటూ పోయింది. ఆయన హారన్ కొడుతూనే ఉన్నాడట. నాకు వినిపించింది పాటలోని డప్పు మాత్రమే. తెల్లవారుజామున కుక్కల గుంపు గుర్రుమనే శబ్దం కూడా అవి కనబడకముందే వినబడాలి, అప్పుడే పరుగు ఆపి నెమ్మదిగా నడుస్తూ దాటిపోవడానికి వ్యవధి దొరుకుతుంది.

ఒక్క చెవిలోనే వినేవారు ఫోన్‌లో మోనో ఆడియో అనే సెట్టింగ్‌ను తప్పక ఆన్ చేసుకోవాలి. స్టీరియోలో కొన్ని వాయిద్యాలు ఒక పక్కకే వస్తాయి. ఆ సెట్టింగ్ లేకపోతే పాటలో సగం తబలా, సగం కోరస్ ఆ రెండో చెవితో పాటు పోతాయి. చెవి రంధ్రాన్ని మూయకుండా చెంప ఎముక ద్వారా ధ్వనిని పంపే బోన్ కండక్షన్ హెడ్‌ఫోన్లు రోడ్డు పరుగుకు అనుకూలమైనవి. వాటిలో పాటకు గాంభీర్యం తక్కువే, కానీ ఆటో శబ్దం స్పష్టంగా వినిపిస్తుంది. మామూలు ఇయర్‌బడ్స్ వాడేవారు బయటి శబ్దాన్ని అణచే నాయిస్ క్యాన్సిలింగ్‌ను రోడ్డు మీద పూర్తిగా ఆపేయాలి. అది ట్రెడ్‌మిల్‌కు పనికివచ్చే సదుపాయం.

పాట శబ్దాన్ని ఇంట్లో, నిశ్శబ్దంగా ఉన్నప్పుడే సరిచూసుకొని, బయట మళ్లీ పెంచకూడదు. బస్సు పక్కన పెంచిన శబ్దం పార్కులోకి వచ్చాక తగ్గించడం ఎవరికీ గుర్తుండదు. పెద్దవారికి వారానికి 80 డెసిబెల్స్ చొప్పున 40 గంటలు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మూడు డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ సమయం సగానికి పడిపోతుంది: 83 దగ్గర 20 గంటలు, 86 దగ్గర 10 గంటలు, 89 దగ్గర ఐదు గంటలు. రోజుకో గంట పరుగెత్తుతూ, ఆఫీసు దారిలో మరో గంట వినేవారు ఈ లెక్కను ఒకసారి వేసుకోవాలి.

ఫోన్ లేకుండా వాచీ నుంచే పాటలు వినేవారిని వేధించే ఇబ్బంది ఒకటుంది. ఇంట్లో చక్కగా మోగిన పాట పార్కులో తెగి తెగి వస్తుంది. బ్లూటూత్ 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను నీరు పీల్చుకుంటుంది. మన ఒంట్లో ఎక్కువ భాగం నీరే. ఇంట్లోనైతే గోడలకు తగిలి తిరిగి వచ్చే తరంగాలు చెవికి అందుతాయి, ఆరుబయట ఆ గోడలు ఉండవు. కాబట్టి పాట కుడి చెవిలో వింటున్నప్పుడు వాచీని కూడా కుడి చేతికి మార్చితే, మధ్యలో ఒళ్లు అడ్డు రాక, చాలావరకు ఈ తెగడం ఆగిపోతుంది. సెట్టింగ్స్‌లో వాచీ ఏ చేతికి ఉందో మార్చడం మాత్రం మరవకూడదు.

పాటలు ఎంచుకునే పద్ధతి

ఇది నాకు చాలా ఇష్టమైన భాగం కనుక కొంచెం విస్తరించి రాస్తున్నాను. పరుగులో ఎక్కువమంది అడుగులు నిమిషానికి 160 నుంచి 180 మధ్య పడతాయి. 180 అనే అంకెకు పేరు తెచ్చినవారు అమెరికా కోచ్ జాక్ డేనియల్స్. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో పరుగెత్తినవారి అడుగులను ఆయన లెక్కించినప్పుడు దాదాపు అందరివీ 180కి తగ్గలేదు. అది పోటీ వేగంలో ప్రపంచస్థాయి క్రీడాకారుల లెక్క. నెమ్మదిగా పరుగెత్తే మనకు 165 పడితే చింతించవలసిన పని లేదు. ముందు మీ సహజమైన అడుగుల లెక్కను వాచీలోనే చూసుకొని, పాటలను దానికి తగ్గట్టు వెతకాలి. పాటకు తగ్గట్టు కాళ్లను లాగకూడదు.

పాట నడకను కొలవడం సులువు. పాట వింటూ తాళం వేసినట్టు తొడమీద తట్టి, పదిహేను సెకన్లలో ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కించి నాలుగుతో హెచ్చవేయాలి. 41 వస్తే 164. 21 వస్తే 84. అది కూడా పనికివస్తుంది, ఒక్కో దెబ్బకు రెండేసి అడుగులు పడితే 168 అవుతాయి. సమస్య 30 దగ్గర వస్తుంది: నిమిషానికి 120 దెబ్బల పాట నడకకు బాగుంటుంది గాని, పరుగులో అటు ఒక్క అడుగుకూ ఇటు రెండడుగులకూ పొసగక కాళ్లను తికమక పెడుతుంది. మన సినిమా పాటల్లో ఇంకో మెలిక ఉంది. ఆలాపనతోనో వేణువుతోనో నెమ్మదిగా ఎత్తుకొని, పల్లవికి ఊపందుకొని, చరణానికి ముందు వచ్చే వాద్యసంగీతంలో తాళం పూర్తిగా ఆగిపోయే పాటలు చాలా ఉన్నాయి. ఇంట్లో కూర్చుని వినడానికి అందమైన ఆ ఆగడం, పరుగులో సరిగ్గా ఎత్తు ఎక్కుతున్నప్పుడు వస్తే కాళ్ల కింద మెట్టు జారినట్టు ఉంటుంది. అందుచేత పాటను మొదటి అర నిమిషం విని జాబితాలో చేర్చకుండా, చివరిదాకా ఒకసారి తట్టి చూడాలి.

తాళం గతి సంగతి కూడా గమనించదగినదే. చతురశ్ర గతిలో నాలుగేసి లెక్కలుగా సాగే పాటకు బలమైన దెబ్బ ఎప్పుడూ ఒకే పాదం మీద పడుతుంది. తిశ్ర గతిలో మూడేసి లెక్కలుగా సాగే జానపదాలకు, లెక్కకొక అడుగు చొప్పున పరుగెత్తితే, బలమైన దెబ్బ ఒకసారి కుడి పాదం మీద, మరోసారి ఎడమ పాదం మీద మారుతూ పడుతుంది. దీనివల్ల గాయాలు తగ్గుతాయని నేను అనను. దూరపు పరుగులో ఆ మార్పు హాయిగా ఉంటుందని మాత్రం నా అనుభవం చెబుతోంది. ఊరేగింపుల్లో వాయించే తీన్‌మార్ దెబ్బను మాత్రం మొదటి మూడు కిలోమీటర్లలో పెట్టుకోకూడదు. అది వినిపిస్తే ఒళ్లు తనంతట తానే వేగం పెంచేస్తుంది, దాని బాకీ ఎనిమిదో కిలోమీటరులో వసూలవుతుంది.

ఏ రోజు ఏది

లండన్‌లోని బ్రూనెల్ విశ్వవిద్యాలయంలో కోస్టాస్ కరాజార్జిస్ వ్యాయామానికీ సంగీతానికీ ఉన్న సంబంధాన్ని ఎన్నో ఏళ్లుగా పరిశోధిస్తూ వచ్చారు. ఆ రంగంలోని పరిశోధనలు మొత్తం మీద చెప్పేది ఏమిటంటే, తేలికపాటి, మధ్యస్థ శ్రమలో పాట అలసట అనిపించడాన్ని తగ్గిస్తుంది. శ్రమ తీవ్రమయ్యేకొద్దీ మనసు ఊపిరి మీదికి, కాళ్ల మంట మీదికి తప్పనిసరిగా మళ్లి, పాటకు ఆ పట్టు సడలిపోతుంది. వారం ప్రణాళిక వేసుకునేటప్పుడు నేను ఆధారంగా తీసుకునేది దీన్నే.

తేలిక పరుగు రోజున పాట ఉండవచ్చు, వాచీ మాత్రం మౌనంగా ఉండాలి. తెర మీద పేస్ దాచేసి, గుండె వేగం పైన చెప్పిన హద్దు దాటితే చేతికి వణుకు తెలిసేలా అలారం పెట్టుకుంటే చాలు. ఇక్కడ ప్రమాదం పాట వైపు నుంచే వస్తుంది: హుషారు పాట తేలిక పరుగును తెలియకుండానే గట్టి పరుగుగా మార్చేస్తుంది, అలారం ఉన్నది అందుకే. ఇంటర్వల్ సాధన రోజున వాచీ ముందుండాలి, పాట ఇంట్లో ఉండాలి. 400 మీటర్లు ఎన్ని సెకన్లలో పూర్తయిందో, మధ్యలో గుండె వేగం ఎంతవరకు దిగిందో చూడటమే ఆ రోజు పని. ఆదివారం దూరపు పరుగులో మొదటి సగం పాట లేకుండా పరుగెత్తి, అలసట మొదలయ్యాక పెట్టుకోవడం లాభదాయకం. దాచుకున్న బెల్లం ముక్కలా అది అప్పుడే రుచిస్తుంది. వారానికి ఒక రోజు రెండూ లేకుండా, తెలిసిన దారిలో పరుగెత్తి వచ్చి, ఎంతసేపు పట్టి ఉంటుందో ఊహించి గోడ గడియారంతో సరిచూసుకోవాలి. మొదట్లో నా ఊహ ఐదారు నిమిషాలు తప్పేది. ఇప్పుడు నిమిషంలోపే ఉంటోంది.

పోటీ రోజున

పోటీలో పాల్గొనేవారు నిర్వాహకుల నియమాలను ముందే చదువుకోవాలి. ప్రపంచ అథ్లెటిక్స్ సాంకేతిక నియమాల ప్రకారం పోటీ ప్రాంగణంలో మ్యూజిక్ ప్లేయర్లు, రేడియోలు, ఫోన్లు వాడటం సహాయం పొందడం కిందికి వస్తుంది. గుండె వేగం, దూరం చూపే వాచీలకు మాత్రం, వాటితో ఇతరులతో సంభాషించే వీలు లేనంతవరకు, అనుమతి ఉంది. వేలమంది పరుగెత్తే నగర పోటీల్లో బహుమతి పోటీలో లేనివారిని సాధారణంగా ఎవరూ పట్టించుకోరు, కానీ వెనుక నుంచి అంబులెన్సు దారి అడిగినప్పుడు వినిపించేలా ఉండటం మర్యాద. 1998లో బర్మింగ్‌హామ్‌లో ఇథియోపియా క్రీడాకారుడు హైలే గెబ్రసెలాసీ 2000 మీటర్ల ఇండోర్ ప్రపంచ రికార్డు నెలకొల్పినప్పుడు, తన అడుగులకు సరిపోయే పాటను స్టేడియం స్పీకర్లలో వేయించుకున్నారు. అంత పలుకుబడి లేని మనం ఆ పాటను మనసులో పాడుకోవలసిందే.

పోటీలో వాచీ చూపే దూరం బోర్డుల కన్నా ముందుగా పూర్తవుతుంది, దానికి నిర్వాహకులతో తగవు పెట్టుకోవడం తగదు. ధ్రువీకరించిన మార్గాన్ని సైకిల్ చక్రానికి అమర్చిన మీటరుతో, మలుపుల్లో వీలైనంత దగ్గరి దారిలో కొలుస్తారు; తక్కువ పడకుండా కిలోమీటరుకు ఒక మీటరు చొప్పున కలుపుతారు కూడా. మనం నీళ్ల బల్ల కోసం అటు పక్కకు, నీడ కోసం ఇటు పక్కకు వెళ్తూ, మలుపుల్లో బయటి అంచున తిరుగుతూ, 42.195 కిలోమీటర్ల మారథాన్‌ను 42.6 చేసుకుంటాం. కాబట్టి వాచీ తనంతట తానే కిలోమీటర్లను గుర్తించే ఆటో ల్యాప్‌ను ఆపేసి, రోడ్డు పక్కన కిలోమీటరు బోర్డు కనిపించినప్పుడల్లా ల్యాప్ బటన్ మనమే నొక్కుకోవాలి. అప్పుడు వాచీ చెప్పే పేస్, అసలు పేస్ ఒకటవుతాయి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు లెక్క ఆపేసే ఆటో పాజ్‌ను కూడా ఆ రోజు తీసేయాలి. మనం నీళ్లు తాగడానికి ఆగినా పోటీ గడియారం ఆగదు.

ఇంటికి వచ్చాక

చెమటలో ఉప్పు ఉంటుంది. వాచీ వెనుకనున్న లోహపు చుక్కలు తడిగా ఉండగానే చార్జర్ తగిలిస్తే అవి కొన్ని నెలల్లో పచ్చగా తుప్పుపట్టి, చార్జింగ్ ఎక్కడం మానేస్తుంది. స్నానానికి వెళ్లే ముందు వాచీని, పట్టీని మంచినీళ్ల కింద కడిగి, మెత్తని గుడ్డతో తుడిచి, ఆరాకే చార్జింగ్ పెట్టాలి. ఛాతీ పట్టీ నుంచి సెన్సర్‌ను ఊడదీసి ఉంచకపోతే, తడి పట్టీ తగిలి ఉన్నంతసేపూ అది పని చేస్తూనే ఉండి బ్యాటరీ ఖర్చవుతుంది. ఇయర్‌బడ్స్‌ను కూడా తుడవకుండా డబ్బాలో పెట్టకూడదు. వాచీ అడుగున దద్దు వస్తే దానికి కారణం చాలాసార్లు నిలిచిపోయిన చెమట, సబ్బే; రెండు రోజులు రెండో చేతికి మార్చి చూడాలి.

పరుగు వివరాలను పదిమందితో పంచుకునే యాప్‌లు వాడేవారు, ముఖ్యంగా ఒంటరిగా పరుగెత్తే ఆడవారు, మొదటి రోజే ప్రైవసీ సెట్టింగ్స్ తెరవాలి. స్ట్రావా అనే అలాంటి యాప్ 2017 నవంబరులో ప్రచురించిన పటంలో, సైనికులు తమ స్థావరాల లోపల పరుగెత్తిన దారులు 2018 జనవరిలో ఎడారి చీకట్లో వెలుగు గీతలుగా బయటపడి ఎంత కలకలం రేగిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. రోజూ ఒకే గేటు దగ్గర మొదలై అక్కడే ముగిసే గీత మన ఇంటి చిరునామాను, రోజూ ఒకే వేళను చూపే పట్టిక మనం ఇంట్లో లేని సమయాన్ని చెప్పేస్తాయి. పరుగు మొదలైన చోటును, ముగిసిన చోటును కొంత దూరం మేర దాచే సదుపాయం ఆ యాప్‌లోనూ, మరికొన్నింటిలోనూ ఉంది. దాన్ని ఆన్ చేసి, చూడగలిగేవారిని పరిచయస్తులకే పరిమితం చేయాలి. ఇంట్లోవారికి మాత్రం బయలుదేరేటప్పుడు లైవ్ లొకేషన్ పంపి, ఏ దారిన వెళ్తున్నారో నోటితో కూడా చెప్పి వెళ్లాలి, ఎందుకంటే బ్యాటరీ అయిపోయిన ఫోన్ ఎక్కడుందో ఎవరికీ చెప్పలేదు.